బొట్టు పెట్టిన బ్యాటరీ

రోహిణి గురించి రాద్దామని కూర్చుంటే ముందు నాకు ఒళ్లు మండుతుంది. ఆ అమ్మాయి మీద కాదు. ఆమె చేసిన పని తీసుకుని, వేదిక ఎక్కించి శాలువా కప్పి, ఆ తర్వాత ఆమె మాటకు మా కాలనీలో విలువ లేకుండా చేసినవాళ్ల మీద. నాకు కోపం ఎక్కువని మా ఆవిడ అమ్మాజీ పెళ్లయినప్పటి నుంచీ అంటోంది. ఈ విషయంలో మాత్రం ఆవిడ కోపం నాకన్నా పెద్దది. అదీ చాలాకాలం తప్పు మనిషి మీద పెట్టుకుంది.

ఎల్బీనగర్ చౌరస్తా నుంచి నాగోలు వైపు వెళుతూ లోపలికి తిరిగితే మా కాలనీ వస్తుంది. మేము గుడివాడ నుంచి వచ్చి ఇక్కడ ఇల్లు కట్టుకున్నాం. నేను దిల్‌సుఖ్‌నగర్‌లో బ్యాంకు పరీక్షల కోచింగ్ సెంటర్లో ఇంగ్లీషు గ్రామర్ చెప్పేవాణ్ణి. మా ఇల్లున్న చోట ఒకప్పుడు రోహిణి నానమ్మ బుచ్చవ్వ జొన్నలు పండించింది. ఆ మాట ఆవిడ ఎత్తిపొడుపుగా అనదు. మా వంటింట్లోకి వచ్చినప్పుడల్లా, ఇక్కడ బావి ఉండేదని ఊరికే చెబుతుంది. కాలనీ చివర వాళ్ల పాత ఇల్లు అలాగే ఉంది. ఆవిడ కొడుకు జనార్ధన్ పొలాలన్నీ ప్లాట్లు చేసి అమ్మాడు. తర్వాత బాటసింగారం దగ్గర మళ్లీ పొలాలు కొని వాటినీ ప్లాట్లు చేస్తున్నాడు. కూతురు తన ఆఫీసులో ఏసీ కింద కూర్చుని వచ్చినవాళ్లకు మ్యాపు చూపిస్తే చాలనుకున్నాడు. కూతురికి చిన్నప్పుడే టంకం వాసన పట్టింది. ఇంట్లో చెడిపోయిన వస్తువేదీ చెత్తకుండీ దాకా పోనిచ్చేది కాదు.

ఆమె పాలిటెక్నిక్ చదివింది, ఉద్యోగం చేస్తూ బీటెక్ పూర్తిచేసింది, గంగాధర పవర్ అనే కంపెనీలో చేరింది. స్టెబిలైజర్ల కాలం నుంచీ ఉన్న పాత కంపెనీ అది. దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద వాళ్ల భవనం. కింద షోరూము, మధ్యలో ఆఫీసు, పైన రేకుల కింద డెవలప్‌మెంట్ సెక్షను. కొత్తవి కనిపెట్టేవాళ్లకే మాడిపోయే గది ఎందుకిస్తారో నాకెప్పుడూ అర్థం కాలేదు. రోహిణి అణకువ మనిషేం కాదు. ఎదుటివాడి మాట పూర్తికానివ్వదు. మా ఇంటికొచ్చి టీ తాగుతూనే ఫ్రిజ్ తలుపు రబ్బరు మార్చమని అమ్మాజీతో పోట్లాడేది. అమ్మాజీకి ఆ పిల్లంటే అందుకే ఇష్టం.

అప్పట్లో ఇన్వర్టరు బ్యాటరీలు మూడేళ్లు నిలిస్తే గొప్ప. కారణం నాలాంటి గ్రామర్ మాస్టారికి కూడా ఎక్కేలా చెప్పింది. కడుపునిండా తిన్నవాడి నోట్లో ఇంకా ఇంకా కుక్కితే ఏమవుతుంది? మామూలు ఇన్వర్టరు బ్యాటరీకి అదే చేస్తుంది. నిండిపోయాక కూడా కరెంటు పోస్తూనే ఉంటుంది. లోపల నీళ్లు ఇగిరిపోతాయి, పలకలు పాడవుతాయి. రోహిణి తయారుచేసిన చిన్న కార్డు బ్యాటరీ ఆకలి ఎంతో కనిపెట్టి, అంతే పెట్టి ఊరుకుంటుంది. దాంతో బ్యాటరీ రెట్టింపు కాలం బతుకుతుంది. రెండువేల ఏడులో అలాంటి కార్డొకటి చేసి బుచ్చవ్వ ఇంట్లో బిగించింది. నాలుగేళ్లయినా ఆ బ్యాటరీ చెక్కుచెదరలేదు.

ఆ నాలుగేళ్లూ కంపెనీలో దాని మొహం చూసినవాడు లేడు. ఉన్నది బాగానే అమ్ముడుపోతోంది కదమ్మా, ఇప్పుడు దీనికేం తొందర అనేవారట. అలా ఉండగా ఉత్తరాది నుంచి చవక ఇన్వర్టర్లు వచ్చి కోఠీ దుకాణాలు నిండిపోయాయి. అప్పుడు యజమాని గంగాధరరావుకు ఇన్నోవేషన్ జ్వరం పట్టింది. గోడల మీద పోస్టర్లు వెలిశాయి. టై కట్టుకున్న మనిషొకాయన వచ్చి కొత్తగా ఆలోచించడం ఎలాగో పాఠం చెప్పి వెళ్లాడు. నెలకొకసారి అందరూ ఒక ఐడియా ఇవ్వాలన్నారు. వాచ్‌మన్ మట్టయ్య కూడా ఇచ్చాడు. గేటు బయటికి తెరుచుకుంటే లారీలకు వీలుగా ఉంటుందని చెప్పాడు. ఆ గేటు నేటికీ లోపలికే తెరుచుకుంటోంది.

ఆ వెతుకులాటలో రోహిణి కార్డు బయటపడింది. రేకుల కింద నాలుగేళ్లు దుమ్ము కొట్టుకున్నది ఒక్క వారంలో కంపెనీ రత్నమైపోయింది. ఫంక్షన్ హాల్లో సభ పెట్టారు, శాలువా కప్పారు. పేటెంటులో కనిపెట్టిన మనిషిగా ఆమె పేరు, హక్కులన్నీ కంపెనీవి. ఆమె సంతకం చేసింది. మైకులో ఒకే ఒక్క కోరిక అడిగింది. ఈ కార్డు ఖరీదైన మోడల్లోనే కాకుండా అందరికన్నా తక్కువ ధర మోడల్లో కూడా పెట్టాలని, మా అవ్వలాంటివాళ్లు కొనేది అదేనని చెప్పింది. గంగాధరరావు అందరి ముందూ తప్పకుండా తల్లీ అన్నాడు. ఉన్న మాట చెప్పాలి, ఆయన మాట నిలబెట్టుకున్నాడు. కార్డు అన్ని మోడళ్లలోనూ పెట్టాడు.

ఇంతలో రెండువేల పదకొండు సెప్టెంబరులో తెలంగాణ రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు ఆగాయి, ఆఫీసులు మూతపడ్డాయి, సింగరేణిలో బొగ్గు ఆగింది. కరెంటు గంటల తరబడి పోయేది. జనార్ధన్ చౌరస్తాలో వంటావార్పులో కూర్చునేవాడు. మేము తలుపులేసుకుని ఇంట్లో కూర్చునేవాళ్లం. పాలవాడి దగ్గర కూడా రాజకీయం మాట్లాడటం మానేశాం. చీకటి మాత్రం ఇరుపక్షాలకూ సమానంగానే పడేది. ఆ నెలలో దిల్‌సుఖ్‌నగర్‌లో మొహం వెలిగిపోతున్నవాళ్లు ఇద్దరే. ఒకరు కొవ్వొత్తులు అమ్మేవాళ్లు, రెండోవారు గంగాధర పవర్. రోహిణి కార్డున్న కొత్త మోడల్ సరిగ్గా అప్పుడే బజారులోకి వచ్చింది.

కాలనీ అంతా రోహిణిని అడిగింది. ఆమె సేల్స్ మనిషి కాదు, అమ్మితే ఆమెకొచ్చేదేమీ లేదు. అయినా ఇంటింటికీ వెళ్లి చెప్పింది. మా వరండాలో నిలబడి అన్న మాట నాకిప్పటికీ గుర్తుంది.

"గీ బ్యాటరీ ఆరేండ్లు వస్తది సార్. కంపెనీ మాట కాదు, నా మాట."

ఒకరి మొహం ఒకరు చూసుకోవడం మానేసిన వాళ్లం, అక్కడివాళ్లమూ ఇక్కడివాళ్లమూ, ఆ ఒక్క మాట మీద అందరం అదే మోడల్ కొన్నాం. సరిగ్గా చెప్పాలంటే మేం కొన్నది ఇన్వర్టరు కాదు, రోహిణి మాట.

పెట్టెలు దసరాకు వారం ముందే వచ్చాయి. ఒక్కరంటే ఒక్కరు స్విచ్ వేయలేదు. చీకట్లో విసనకర్ర పట్టుకుని కూర్చున్నాం గానీ, కొత్త యంత్రం దసరా నాడు విజయ ముహూర్తంలో కాక ముందే ఎలా పెడతాం? బుచ్చవ్వ అదే అంది, అమ్మాజీ అదే అంది. రాష్ట్రం ఒకటా రెండా అన్న దగ్గర కుదరని ఏకాభిప్రాయం ముహూర్తం దగ్గర కుదిరింది. రోహిణి తల పట్టుకుంది, తిట్టింది, చివరికి నవ్వి ఊరుకుంది. దసరా మధ్యాహ్నం అన్ని ఇళ్లలో ఒకేసారి కొబ్బరికాయ కొట్టారు, నిమ్మకాయ కట్టారు, స్విచ్ నొక్కారు. ఆసిడ్ తగిలితే కుంకుమ నిలవదని అమ్మాజీ మా మనవరాలు సింధూర వాడే ఎర్ర నెయిల్ పాలిష్ తీసుకుని, బ్యాటరీ పిడి కింద వరసగా మూడు బొట్లు పెట్టింది. సాయంత్రం రోహిణి జమ్మి ఆకు తెచ్చి, బంగారం తీసుకోండంటూ మా చేతుల్లో పెట్టి కాళ్లకు దణ్ణం పెట్టింది. మా వైపు జమ్మి ఇచ్చిపుచ్చుకునే అలవాటు లేదు. ఏం చెయ్యాలో తోచక అమ్మాజీ బీరువాలోంచి జాకెట్ గుడ్డ తీసి పెట్టింది.

రెండేళ్లు ఆ బ్యాటరీ గురించి మేం తలచుకోనే లేదు. నీళ్లు పోసే పని కూడా దాదాపు లేదు. వీధిలో రోహిణి కనబడితే వాళ్లూ వీళ్లూ ఆపి పలకరించేవారు. రెండువేల పదమూడులో తెలంగాణ ఇస్తున్నట్టు ప్రకటన వచ్చింది. దాని మీద అటు ఆంధ్రలో సమ్మెలు లేచాయి, అక్కడి కరెంటు ఉద్యోగులు పని ఆపారు. మళ్లీ ఇక్కడ కోతలు. ఎవరు సమ్మె చేసినా గంగాధర పవర్‌కు పండగే అని నేను అప్పుడే విసుక్కున్నాను.

దసరాకు ఇంకా వారం ఉంది. బతుకమ్మ రోజులు. బుచ్చవ్వ ఇంటి ముందు ఆడవాళ్లు తంగేడు పూలు పేరుస్తున్నారు. అమ్మాజీ కూడా అక్కడే కూర్చుని గునుగు పూలు అందిస్తోంది. ఆదివారం మధ్యాహ్నం నేను కునుకు తీస్తుంటే ఇంట్లో కీచుమని ఒక అరుపు. లేచి చూస్తే ఇన్వర్టరు మీద ఎర్ర దీపం, దాని కింద ‘బ్యాటరీ మార్చండి’ అనే అక్షరాలు. ఏదో చెడిందనుకుని బయటికొచ్చేసరికి పక్కింట్లో అదే అరుపు, ఎదురింట్లో అదే అరుపు. మగవాళ్లందరం లుంగీలతో రోడ్డు మీదికి వచ్చి ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. కాలనీ మొత్తం అరుస్తోంది. ఒక్క బుచ్చవ్వ ఇల్లే నిశ్శబ్దంగా ఉంది.

"గదేంది బిడ్డా, అన్నీ ఒక్కపారే మొత్తుకుంటున్నయ్?" అని బుచ్చవ్వ మనవరాలిని అడిగింది. రోహిణి చేతిలో పూలు కింద పెట్టేసి మా ఇంటికి పరుగెత్తుకొచ్చింది.

గాజు గొట్టంతో బ్యాటరీలో ఆసిడ్ పీల్చి చూసింది. మరోసారి చూసింది. బ్యాటరీ నిక్షేపంలా ఉందని చెప్పింది. మర్నాడు పొద్దున్నే ఎవరూ పిలవకుండానే కంపెనీ సర్వీసు మనుషులు స్కూటర్ల మీద దిగారు. పాతది ఇచ్చి కొంత కట్టి కొత్తది తీసుకోమన్నారు. రోహిణి వాళ్లకు అడ్డం నిలబడింది.

"మార్చకుండ్రి సార్. మనుషులైనా బ్యాటరీలైనా అందరు ఒక్క దినమే చావరు. ఏందో జరిగింది, నేను చూస్తా."

నాలుగు రోజులు ఓపిక పట్టాం. కానీ ఆ యంత్రం పావుగంటకోసారి అరుస్తుంది. అరవడంతో ఊరుకోదు, కరెంటు పోయాక ఇదివరకు వచ్చిన దాంట్లో సగం సేపే లైట్లు ఇస్తుంది. అమ్మాజీకి రక్తపోటు. పండగ పూట చీకటి. చివరికి అందరితో పాటు మేమూ కొత్తది పెట్టించుకున్నాం. ఎర్ర దీపం ఆరిపోయింది. అమ్మాజీ ఆ సాయంత్రం గేటు దగ్గర రోహిణిని ఆపి, నీ మాట మీద కొన్నాం, నిన్ను ఇంట్లో పిల్లలా చూశాం అంది. అంతకుమించి తిట్టలేదు. తిడితేనే బాగుండేది. ఆ రోజు నుంచి అమ్మాజీ ఆమెతో మాటలు మానేసింది.

కాలనీ సంఘం మీటింగు పెట్టుకుంది. అది నేను చూసిన మీటింగుల్లోకెల్లా దరిద్రపు మీటింగు. ఇక్కడివాళ్లేమో ఆంధ్రోళ్ల కంపెనీ, దోచుకోక ఏం చేస్తదని లేచారు. మావాళ్లేమో ఆ పిల్ల వాళ్లమ్మాయి, పోయేవాళ్లమని మనకు అంటగట్టిందని లేచారు. కంపెనీకి వెళ్లి అడుగుదాం పదండని నేను గొంతు చించుకున్నాను. తిట్టుకోవడానికి చేతిలో రాష్ట్రాలుండగా కంపెనీ ఎవరికి కావాలి? నా మాట ఎవరూ వినలేదు.

రోహిణి మాత్రం మా ఇన్వర్టరు మూత విప్పి చూసింది. అమ్మాజీ లోపలి గదిలోంచి బయటికి రాలేదు. ఆమె చేసిన కార్డు పక్కన ఆమె చెయ్యని చిన్న ముక్క ఒకటి ఉంది. అది గడియారం. మొదటిసారి స్విచ్ వేసిన నాటి నుంచి లెక్కపెట్టి, రెండేళ్లు నిండగానే అరుస్తుంది, లైట్లు సగం సేపటికే ఆపేస్తుంది. కొత్త బ్యాటరీ బిగించేటప్పుడు సర్వీసు మనిషి దాన్ని మళ్లీ మొదటికి తిప్పి పోతాడు. బ్యాటరీ బాగుందో లేదో దానికి అక్కర్లేదు. మరో చోటైతే ఒకరు ఉగాదికి, ఒకరు ఎండాకాలంలో, ఒకరు జీతం వచ్చాక కొంటారు. ఒక్కొక్కటీ ఒక్కో రోజు అరుస్తుంది, ఎవరి బ్యాటరీ వాళ్లు మార్చుకుంటారు, ఎవరికీ అనుమానం రాదు. మేము మాత్రం చీకట్లో కూర్చుని మరీ ముహూర్తానికి పెట్టాం. కంపెనీ అన్నీ ఆలోచించింది గానీ మా చాదస్తాన్ని ఆలోచించలేదు. దసరా తిథి ఏటా ముందుకో వెనక్కో జరుగుతుంది, గడియారం ఇంగ్లీషు తేదీ చూస్తుంది. అందుకే పండగకు వారం ముందు అరిచింది. ఇదంతా నాకు చెప్పి ఆమె మూత మళ్లీ బిగించేసింది.

ఆమె తిన్నగా గంగాధరరావు గదికి వెళ్లింది. ఆయన కసరలేదట, కాఫీ తెప్పించాడట. కసిరితే ఎదురు తిరగడం ఆమెకు తెలుసు. కాఫీ ముందు ఏం చెయ్యాలో తెలియలేదని తర్వాత నాతో అంది. ఆయన అన్న మాటలు యథాతథంగా చెప్పింది.

"చూడమ్మా, నీ కార్డు బ్యాటరీకి ఆయుష్షు పోసింది, కాదనను. కానీ జనం ఆరేళ్లకోసారి కొంటే ఈ కంపెనీ మూడేళ్లకే మూతపడుతుంది. నీ సెక్షను, రేపు నువ్వు కనిపెట్టబోయేది, అన్నీ ఇందులోంచే రావాలి. కనిపెట్టడం నీ పని. దాన్నుంచి కంపెనీని బతికించడం నా పని."

ఈ వాదనలో పిసరంత నిజం ఉంది, నాకు అసలు మంట అక్కడే. వెనక్కి తీసుకున్న బ్యాటరీలు ఏమవుతున్నాయని ఆమె అడిగితే కరిగించేవాళ్లకు పోతాయన్నాడు. బయట మాట్లాడకూడదని ఆమె సంతకం చేసిన కాగితాన్ని మర్యాదగానే గుర్తుచేశాడు. రేకుల కింది నుంచి రెండో అంతస్తులో ఏసీ గదికి మారమన్నాడు. ఆమె మారలేదు, ఉద్యోగమూ మానలేదు. మానేస్తే గడియారం తీసేయమని అడిగేవాడు కూడా ఉండడని ఆమె లెక్క. ప్రతి మీటింగులో అడిగింది. ప్రతిసారీ రాసుకుంటున్నాం అన్నారు. చలికాలమంతా ఇదే వరస. మా కాలనీలో ఆమె తల దించుకుని నడిచేది. అది చూడటం నా వల్ల అయ్యేది కాదు, అమ్మాజీకి నచ్చచెప్పబోతే నా మీద లేచేది.

ఫిబ్రవరిలో తెలంగాణ బిల్లు పాసైంది. ఎల్బీనగర్ చౌరస్తాలో టపాసులు, డప్పులు. జనార్ధన్ నా నెత్తిన కూడా ఇంత గులాలు పోసి, మీరేడికి పోవద్దు సార్, గిది మీ ఊరే అన్నాడు. సరిగ్గా ఆ వారంలోనే బుచ్చవ్వ ఇంట్లో బ్యాటరీ పని అయిపోయింది. దాదాపు ఏడేళ్లు బతికి, ఏ అరుపూ లేకుండా తన చావు తాను చచ్చింది. జనార్ధన్ ఆ సంబరంలో కూతురికి చెప్పకుండా కంపెనీ షోరూముకు పోయి, చవకలో వచ్చే కొత్త రకం బ్యాటరీ తెచ్చాడు. నిగనిగలాడే లేబులు, గ్యారంటీ కార్డు అన్నీ ఉన్నాయి. పొద్దుగూకే వేళ రోహిణి వచ్చి దాన్ని పాత కార్డుకు కలిపింది. పక్కకు జరపడానికి పిడి ఎత్తింది.

కాసేపటికి మా గేటు చప్పుడైంది. నాలుగు నెలల తర్వాత ఆమె మా గడప ముందు నిలబడింది. లోపలికి రాలేదు.

"ఆంటీ, ఒక్కపారి అవ్వ ఇంటికి రాండ్రి," అంది అంతే.

ఆ గొంతు ఎలా ఉందో గానీ అమ్మాజీ వెంటనే చెప్పులేసుకుంది. నేనూ వెనకే వెళ్లాను. బుచ్చవ్వ మంచం మీద కూర్చుని ఉంది, జనార్ధన్ గోడకు ఆనుకుని నిలబడ్డాడు. రోహిణి బ్యాటరీ పిడి ఎత్తి పట్టుకుంది. పిడి కింద వరసగా మూడు ఎర్ర బొట్లు. కడిగారు, తుడిచారు, కొత్త లేబులు అంటించారు. పిడి కింద చూడాలని మాత్రం ఎవరికీ తోచలేదు. అమ్మాజీ నేల మీద కూర్చుని ఆ బొట్లను గోటితో గీకి చూసింది.

"ఇది మాదేనండీ," అంది నాతో. "నా చేత్తో పెట్టిన బొట్టండీ ఇది."

కరిగించడానికి పోలేదు. ఎక్కడికీ పోలేదు. ఆ పిల్ల పోసిన ఆయుష్షులో రెండేళ్లు మాకిచ్చి, మిగతా నాలుగేళ్లూ కంపెనీ దాచుకుంది. దాచుకుని ఇప్పుడు ఆమె నానమ్మకే అమ్మింది. దీన్ని వ్యాపారం అంటారని నాకు తెలుసు. నాకు తెలిసిన బూతులేవీ దానికి సరిపోవని ఆ రోజే తెలిసింది. అమ్మాజీ రోహిణి చెయ్యి పట్టుకుని, నిన్ను ఎంత మాట అన్నానే తల్లీ అని ఏడ్చింది. రోహిణి చెయ్యి వెనక్కి తీసుకోలేదు గానీ ఏడవలేదు.

బుచ్చవ్వ ఇదంతా చూసి అడిగింది.

"జాగ మేం మీకు అమ్మితిమి. బ్యాటరీ మీరు మాకు అమ్మితిరి. నడుమ బాగుపడ్డోడు ఎవడు బిడ్డా?"

జనార్ధన్ నేల చూపులు చూశాడు. కంపెనీ పేరు చెబుతుందని నేను రోహిణి వైపు చూశాను.

"బాగుపడ్డోడు ఎవడైతేంది అవ్వా," అంది రోహిణి. "నడుమ ఉన్నది నేను. మీ అందరికి మాటిచ్చింది నేను."

కాదనడానికి నేనూ అమ్మాజీ ఒకేసారి నోరు తెరిచాం. అప్పుడే కరెంటు పోయింది. గడియారం లేని ఆ పాత కార్డు మీద, మా బ్యాటరీతో, బుచ్చవ్వ ఇంట్లో లైటు వెంటనే వెలిగింది. రోహిణి దాని వైపు చూడలేదు. స్క్రూడ్రైవరు సంచిలో వేసుకుని, ముందు ఎవరింటికి పోవాలె ఆంటీ, గడియారాలు పీకెయ్యాలె అంది.